పైపైన చూస్తే... పైపే!

నంద్యాలలో ఏ హార్డ్‌వేర్ దుకాణానికైనా వెళ్లి 'పైపు కావాలి' అనండి. 'అరంగుళమా, ముప్పావంగుళమా?' అన్న ప్రశ్నే ముందొస్తుంది. 'అది కాదండీ, నోట్లో పెట్టుకునేది' అంటే ఎగాదిగా చూస్తారు. వాళ్ల తప్పేం లేదు. మనకు తెలిసిన ఆ రెండో పైపు పాత సినిమాల్లోది. సిల్కు గౌను, మేడమెట్లు, గోడకు పులితల... కూతురు పేదింటి కుర్రాణ్ని ప్రేమించానని చెప్పగానే నోట్లోంచి పైపు తీసి గర్జించే జమీందారు నాన్న! ఆయన డబ్బున్నవాడని చెప్పడానికి డైలాగు అక్కర్లేదు. పైపుంటే చాలు.

అలాగని పొగాకు ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పత్తి, జొన్న, కొర్రలతోపాటు పొగాకు మీదా పరిశోధనలు జరిగాయి. 'నంద్యాల పొగాకు' అంటూ ఊరి పేరుతోనే బీడీ పొగాకు రకాలు వచ్చాయి. రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ 1947లో వెలిసింది. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. తెలుగు నేల మీద పండిన వర్జీనియా ఆకు ఓడలెక్కి దేశాలు తిరుగుతూనే ఉంది.

ఆకు మనదే. కానీ ఆ ఆకును నింపడానికి ఎక్కడో కొందరు చేత్తో చెక్కే పైపుల ధర వింటే గుండె ఝల్లుమంటుంది. వందల డాలర్లతో మొదలై, పేరున్న పనివాడి చేతిదైతే వేల డాలర్లకు చేరుతుంది. అంటే మన లెక్కలో లక్షలు! వాటిని కొనేవాళ్లు కొద్దిమంది. కొనలేక, ఊరికే చూసి మురిసిపోయేవాళ్లు మాత్రం చాలామంది. జేబులో ఉన్నది ఒక మామూలు పైపుకు సరిపడే డబ్బు. కళ్లు మాత్రం అద్దాల బీరువాలోని ఆ ఒక్కదాని మీద. వీళ్లలో పొగ జోలికే పోనివాళ్లూ ఉంటారు.

గుప్పెడంత కర్రముక్కలో అంతగా చూడ్డానికేముంది? జవాబు కోసం విమానం ఎక్కి కోపెన్‌హాగెన్ వెళ్లక్కర్లేదు. ముందు నంద్యాలలో బస్సెక్కి కడప దారిలో ఓ 40 కిలోమీటర్లు వెళ్తే చాలు. ఆళ్లగడ్డ వస్తుంది.

రాయి మోగితేనే...

అహోబిలం వెళ్లే భక్తులకు ఆళ్లగడ్డ తెలిసిన ఊరే. రోడ్డు పక్కన వరుసగా శిల్పశాలలు. సగం చెక్కిన నందులు, ఇంకా కళ్లు తెరవని అమ్మవార్లు, చెయ్యెత్తి నిల్చున్న నాయకులు. ఇక్కడి విగ్రహాలు రాష్ట్రాలు దాటాయి, సముద్రాలూ దాటాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇక్కడ పని ఉలితో మొదలవుతుందనుకుంటే పొరపాటు. అది చెవితో మొదలవుతుంది. శిల్పి ముందు రాతిని సుత్తితో తట్టి వింటాడు. గంటలా ఖంగుమనే రాయి, తాళంలా మెత్తగా మోగే రాయి, మూగగా ఉండిపోయే రాయి... ఇలా మోతను బట్టే శిల్పశాస్త్రం వాటిని పుంశిల, స్త్రీశిల, నపుంసక శిల అని విడదీసింది. ఏ రాయి ఏ విగ్రహానికి తగునో చెప్పింది. ఆ తర్వాత కొలతలు. ముఖాన్ని ప్రమాణంగా తీసుకుని మొత్తం విగ్రహం దానికి ఎన్ని రెట్లుండాలో లెక్క వేసే తాళమానం. ఆ తర్వాతే ఉలి.

ఇంత చేసినా ఒక భయం వెంటాడుతూనే ఉంటుంది. నెలల తరబడి చెక్కాక, చెంప దగ్గరో చెవి దగ్గరో రాతి లోపల దాగిన జీర ఒకటి బయటపడితే? మట్టిబొమ్మయితే ఇంకాస్త మట్టి అద్దొచ్చు. రాతిలో తీసేయడమే తప్ప కలపడం ఉండదు. దోషమున్న విగ్రహం గర్భగుడికి పనికిరాదు. చేసిన పనంతా వృథా!

ఈ భయం తెలిసినవాళ్లకు పైపు కథ సులువుగా అర్థమవుతుంది. ఎందుకంటే అదీ తీసేయడమే తప్ప కలపడం లేని పనే.

వేరులో దాగిన మంటలు

మధ్యధరా సముద్రం చుట్టూ రాళ్లూ రప్పల మధ్య ఒక పొద పెరుగుతుంది. శాస్త్రీయ నామం ఎరికా అర్బోరియా. పైపులవాళ్ల భాషలో బ్రయర్. కాండానికీ వేరుకూ మధ్య, నేలలో, దానికొక గడ్డ ఊరుతుంది. ఎండకూ కరవుకూ ఓర్చుకోవడానికి మొక్క దాచుకున్న గడ్డ అది. పైపుకు పనికొచ్చేంత ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. నిప్పుకు త్వరగా కాలిపోని గట్టి కర్ర అందులోనే దొరుకుతుంది.

ఆ గడ్డను తవ్వి, పగలకుండా తడిగా ఉంచుతారు. ముక్కలు కోసి, లోపలి పసరు పోయేలా గంటల తరబడి నీళ్లలో ఉడకబెడతారు. ఆపైన నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆరబెడతారు. ఫ్రాన్స్‌లో జురా కొండల నడుమ ఉన్న సెయింట్ క్లాడ్ అనే ఊరు 19వ శతాబ్దం మధ్య నుంచీ ఈ పనితోనే బతికింది. అంతకుముందు ఐరోపాలో మట్టి పైపులు, తుర్కియేలోని ఎస్కిషెహిర్ దగ్గర దొరికే తెల్లటి మీర్‌షామ్ రాతి పైపులు వాడేవాళ్లు.

ఆరిన ముక్కను చెక్కి, నునుపు చేసి, రంగు పట్టిస్తే అప్పుడు బయటపడతాయి లోపలి గీతలు. అడుగు నుంచి అంచు దాకా మంటల్లా నిలువునా లేచే గీతలు. అడ్డంగా చూస్తే చిన్న చిన్న పక్షి కళ్లలాంటి చుక్కలు. పైపు ప్రేమికులు చూసేది ముందు వీటినే. గీతలన్నీ చుట్టూ ఒకే తీరుగా, ఎక్కడా చెదరకుండా నిలబడ్డ ముక్కలు చాలా అరుదు. ధరలో సగం రహస్యం అక్కడే ఉంది.

మిగతా సగం భయానిది. బ్రయర్ లోపల ఇసుక రేణువో, చిన్న గుంటో దాక్కుని ఉండొచ్చు. పైకి కనిపించదు. పని ముక్కాలు వంతు అయ్యాక, ఇంకొక్క గీత గీకగానే నవ్వుతూ బయటపడుతుంది. ఆళ్లగడ్డ శిల్పికి జీర ఎలాంటిదో, పైపు పనివాడికి ఈ ఇసుకగుంట అలాంటిది. పేరుకు విలువిచ్చేవాడు ఆ ముక్కను పక్కన పడేసి మరొకటి అందుకుంటాడు. మనం కొనే పైపులో, మనకు కనిపించకుండా పారేసిన పైపుల ఖరీదు కూడా కలిసే ఉంటుంది.

రిపేరు బల్ల దగ్గర పుట్టిన కళ

ఒకప్పుడు పైపులన్నీ ఫ్యాక్టరీలవే. ముందు యంత్రంతో రంధ్రం వేయడం, ఆ రంధ్రానికి తగ్గట్టు చుట్టూ కర్రను తిప్పి కోయడం. అన్నీ ఒకే అచ్చు. ఈ పద్ధతిని తిరగేసినవాడు సిక్‌స్టెన్ ఇవార్సన్. 1910లో స్వీడన్‌లో పుట్టి, డెన్మార్క్‌లో స్థిరపడ్డాడు. కోపెన్‌హాగెన్‌లో పైపులు బాగుచేసే దుకాణంలో పనిచేశాడు. ఎవరెవరివో విరిగిన పైపులు చేతిలో పడుతుంటే, ఏది ఎందుకు విరిగింది, ఏది ఎందుకు బాగా పనిచేస్తుంది అన్నది ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాడు.

ఆయన ముందు కర్రను చదివాడు. గీతలు ఎటు పోతుంటే ఆకారాన్ని అటు పోనిచ్చాడు. రంధ్రం వేయడం ఆఖరికి నెట్టాడు. చెప్పడానికి ఒక్క మాటే. చేయడానికి మాత్రం కత్తిమీద సామే. చెక్కడం పూర్తయిన వంపుల మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోతే చేసినదంతా చెత్తబుట్టలోకే. కానీ ఆ సాహసంతోనే ప్రతి పైపూ దేనికదే అయింది. కొడుకు లార్స్, మనవరాలు నానా అదే బాట పట్టారు. జపాన్ నుంచి పనివాళ్లు వెళ్లి డెన్మార్క్‌లో నేర్చుకున్నారు. 2001లో ఇవార్సన్ పోయేనాటికి 'డేనిష్ పైపు' అంటే ప్రపంచంలో ఒక గౌరవం.

శిల్పులున్న ఇంట్లో ఉలి చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు ఇదేం వింత కాదు. తాత చేతిని చూసి తండ్రి, తండ్రి చేతిని చూసి కొడుకు... అక్కడ రాయి, ఇక్కడ వేరు. అంతే తేడా.

జేబు చిన్నదైతేనేం!

మరి లక్షలు లేనివాడి సంగతి? పైపుల లోకంలో సన్నకారు సేకర్తలకూ చోటుంది. కాకపోతే తెలివిగా వెతుక్కోవాలి.

ఇవార్సన్ చేతి పైపు అందరికీ అందదు. కానీ ఆయన రూపకల్పనలు కొన్నింటిని స్టాన్‌వెల్ అనే డేనిష్ కంపెనీ తీసుకుని ఫ్యాక్టరీలో తయారుచేసింది. రూపం గొప్పవాడిది, ధర మామూలు మనిషిది. మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఈ మెట్టు మీద కాలుపెట్టినవాళ్లే.

రెండోదారి లోపాలది. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో దుకాణం తెరిచాడు. ఆయన పైపుల గొట్టం మీద ఒక చిన్న తెల్లచుక్క ఉంటుంది. నోట్లో పెట్టుకునేటప్పుడు ఏది పైభాగమో తెలియడానికి పెట్టిన చుక్క, తర్వాత హోదాకు గుర్తయి కూర్చుంది. తన పరీక్షలో నెగ్గని పైపులను ఆ కంపెనీ 1920లలో పార్కర్ అనే మరో పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. గుడికి పనికిరాని రాయిని ఏంచేయాలో శిల్పికి సమస్యే గానీ, ఇసుకగుంట పడ్డ పైపు మాత్రం చిన్న జేబుకు వరమైంది. ఆ చిన్న మచ్చను ప్రేమగా చూసుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక అన్నిటికన్నా చవకది మొక్కజొన్న కంకితో చేసేది. గింజలు ఒలిచేశాక మనం పొయ్యిలో పెట్టేసే బెండే! అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే ఊళ్లో 1869 నుంచీ వీటిని చేస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధం నాటి సైన్యాధిపతి మెకార్థర్ ఫొటోల్లో కనిపించే పెద్ద పైపు ఈ రకమే. సైన్యాలను నడిపినవాడికి లేని నామోషీ మనకెందుకు?

అసలు సంగతి ఏమిటంటే, చూడటానికి డబ్బక్కర్లేదు. చూడటం తెలిస్తే చాలు. కర్రకూ గొట్టానికీ మధ్య అతుకు దగ్గర వెలుతురు కనిపించకూడదు. పొగాకు నింపే గుంత అడుగున రంధ్రం సరిగ్గా మధ్యలో తెరుచుకోవాలి. పంటి కింద పెట్టే అంచు పల్చగా ఉండాలి, అయినా విరక్కూడదు. ఎంత వంపు తిరిగినా బల్ల మీదున్న బరువు చేతికి తెలియకూడదు. ఇవన్నీ తెలిశాక ఒక మంచి పైపు బొమ్మను పావుగంట చూసినా విసుగు రాదు. సంగీతం నేర్చుకోకపోయినా తాళం తప్పితే గుర్తుపట్టే రసికుడి లాంటివాడు ఈ సేకర్త. ఇంట్లో మూడే ఉంటాయి. తలలో మాత్రం మూడొందలు!

అక్బరు ముందుకొచ్చిన కానుక

ఈ మురిపెం పాశ్చాత్యులదే అనుకుంటే మన దక్కను నొచ్చుకుంటుంది. 1604 ప్రాంతంలో అక్బరు దూతగా బీజాపూరు వచ్చిన అసద్ బేగ్ ఇక్కడ పొగాకును చూశాడు. ఉత్తరాదిలో అప్పటిదాకా తాను ఎరగని వస్తువు. చక్రవర్తికి కానుకగా పట్టుకెళ్లాలనుకున్నాడు. ఒట్టి ఆకు పట్టుకెళ్తే ఏం బాగుంటుంది? మూడు మూరల పొడవున, ఆచే రాజ్యం నుంచి వచ్చిన మేలైన గొట్టం తెచ్చి, రెండు చివరలా రత్నాలు, మీనాకారీ పొదిగించాడు. నోటి దగ్గర యెమెన్ అకీకు రాయి అమర్చాడు. వెలిగించుకోవడానికి బంగారు పాత్ర. అక్బరు కుతూహలం కొద్దీ ఒకటి రెండు దమ్ములు లాగాడు. ఆస్థాన వైద్యుడు వద్దని అడ్డుపడ్డాడు. ఆ తర్వాత 1617లో జహంగీరు పొగాకునే నిషేధించాడు.

నాలుగొందల ఏళ్ల కిందటి ఆ కథలోనే అంతా ఉంది. చూడముచ్చటైన పనితనం, వద్దని చెప్పే వైద్యుడు, పక్కపక్కనే!

దక్కను పనితనం అక్కడితో ఆగలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పని చూసేవాళ్లు హుక్కా అడుగుభాగాల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, పైన తీగలూ పువ్వులూ చెక్కి, ఆ గాట్లలో వెండి కూరుస్తారు. చివర్లో బీదరు కోట మట్టితో చేసిన పూత పూస్తే లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం వెన్నెలలా మిగులుతుంది. 1951లో మొదలైన ఆ మ్యూజియానికి రోజూ వచ్చేవాళ్లలో వాటిని కొనగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. కొనాలన్నా అమ్మరు. అయినా ఆ అద్దాల ముందు అందరూ సమానమే. టికెట్టు కొన్న ప్రతివాడూ కాసేపు నవాబే.

పొగ వద్దు... పైపు ముద్దు

ఇక వైద్యుడి మాట. పైపు పొగ సిగరెట్టంత చెడ్డది కాదని ఒక నమ్మకం ఉంది. అది ఒట్టి మాట. పైపుతో నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు క్యాన్సర్ ముప్పు ఉందని పరిశోధనలు తేల్చాయి. పొగాకు కారణంగా ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనదేశంలో 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద నిషేధం అమలులోకి వచ్చింది. కాబట్టి ఇంట్లో పిల్లల ముందు పైపు అందాన్ని మెచ్చుకునే తండ్రి, అందులో నింపే ఆకు గురించి కూడా అంతే సూటిగా చెప్పాలి.

రెండూ ఒకేసారి కుదురుతాయా? కుదురుతాయనడానికి ఐన్‌స్టీన్ సాక్షి. ఆయన పైపు ప్రియుడు. ఆరోగ్యం కోసం డాక్టర్లు పొగ మానమన్నాక కూడా ఖాళీ పైపును పళ్ల మధ్య పెట్టుకుని ఆలోచించేవాడు. 1948లో తన పైపు ఒకదాన్ని చిత్రకారిణి, శిల్పి అయిన స్నేహితురాలు జీనా ప్లంగ్వియన్‌కు ఇచ్చాడు. ఇప్పుడది అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఖరీదైనదేం కాదు, మామూలు బ్రయర్ పైపే. కొరికి కొరికి గొట్టానికి చిల్లు కూడా పడింది. అయినా ఆ అరిగిన గొట్టాన్ని చూడ్డానికి జనం ఆగుతారు.

'ఎంత?' కాదు... 'ఎలా?'

మళ్లీ ఆళ్లగడ్డకు వద్దాం. అహోబిలం నుంచి తిరిగొస్తూ కారాపి శిల్పశాల ముందు నిలబడే కుటుంబాన్ని ఊహించుకోండి. పిల్లవాడు నంది మూపురం నిమురుతుంటాడు. అమ్మ 'ముట్టుకోకు' అంటుంది. నాన్నకు ధర అడగాలంటే మొహమాటం. అడిగితే కొనాలేమో, కొనకపోతే ఏమనుకుంటారో! చివరికి ధైర్యం చేసి 'ఎంత?' అంటాడు. జవాబు విని 'అమ్మో' అనుకుంటూ కారెక్కుతాడు. ఆయన చేతిలో మిగిలింది ఒక అంకె. అంతే.

అదే నాన్న 'దీనికి ఎన్ని రోజులు పట్టింది?' అని అడిగి ఉంటే? 'ఈ రాయే ఎందుకు తీసుకున్నారు?' అని ఉంటే? ఉలి ఆగుతుంది. రాయి ఎలా ఎంచారో, జీర ఎక్కడ బయటపడబోయి తప్పిపోయిందో, కళ్లను చివరిదాకా ఎందుకు ఉంచుతారో... కథ మొదలవుతుంది. కోసే యంత్రాలు ఈ పనిలోకీ వచ్చేశాయి. చేత్తో చేసినదానికీ యంత్రం తీసినదానికీ తేడా గుర్తుపట్టే కళ్లు తగ్గిపోతే, రేపు ఎక్కువ రోజులు పట్టే పనికి ఎక్కువ ఇవ్వడానికి ఎవరు ఒప్పుకుంటారు? లక్షల విగ్రహం ఆర్డరిచ్చేవాళ్లు ఎక్కడో ఒకరు. ఆ పని విలువ పదిమందికీ చెప్పేది మాత్రం కొనకుండా నిలబడి చూసినవాళ్లే.

చూశాక, చేతనైతే ఒక చిన్న గణపతిని తెచ్చుకోవచ్చు. అప్పుడు బేరం కాస్త తగ్గించుకుంటే మంచిది. అరచేతిలో పట్టే ఆ బొమ్మ వెనక కూడా ఒక రోజు కూలీ, ఓ గుప్పెడు రాతిదుమ్ము ఉంటాయి.

ఇంటికెళ్లాక పిల్లవాడు ఆ గణపతిని స్పూనుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటే మాత్రం కసరకండి. వాడికి చూడటం వచ్చేసినట్టే.